నలభై కిలోహెర్ట్జ్ తేడా

గ్యాస్ పొయ్యి మీట కట్టి ఉందో లేదో చూడడానికి అతను మూడోసారి వంటగదిలోకి వెళ్ళేసరికి భార్య అక్కడే గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నేను చూశానన్నాగా," అంది.

"నువ్వు చూశావు. నేను చూడలేదుగా."

"మీరూ రెండుసార్లు చూశారు. మొదటిసారి చేత్తో తడిమారు, రెండోసారి వంగి చూశారు. మూడోసారి ఏం చేస్తారో చూద్దామని నించున్నా. కూర్చోబెట్టి నచ్చజెప్తారా దానికి?"

అతను నవ్వాడు. నవ్వుతూనే మీట మీద వేలు పెట్టాడు. చల్లగా, అడ్డంగా, కదలకుండా ఉంది. చూశానన్న తృప్తి వేలి నుంచి భుజం దాకా పాకి అక్కడే ఆగిపోయింది. తల దాకా ఎప్పుడూ రాదు. మెట్లు దిగేలోపే తాను తాకింది ఇవాళ్టి మీటనా, నిన్నటి మీటనా అన్న అనుమానం మొదలవుతుందని అతనికి తెలుసు. రోజూ మూడుసార్లు చూసే మనిషికి వచ్చే చిక్కే అది. జ్ఞాపకాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఏది ఏ రోజుదో చెప్పడానికి వాటి మీద గుర్తేదీ ఉండదు.

భార్య మెడ మీద చిన్న ప్లాస్టర్ ముక్క ఇంకా ఉంది. నెల కిందట అక్కడో గడ్డ చేతికి తగిలింది. సూది గుచ్చి ముక్క తీసి పరీక్షకి పంపారు. పోయిన గురువారం ఫలితం వచ్చింది. ఏమీ కాదన్నారు. ఆ రోజు నుంచి ఆమె పదేళ్ళు చిన్నదైపోయినట్టు ప్రతిదానికీ వేళాకోళం ఆడుతోంది. అతనికి మాత్రం ఆ కబురు ఇంకా ఒంటికి పట్టలేదు.

"సాయంత్రం బయటికెళ్దామన్నారు. గుర్తుందా?" అని గుమ్మంలోంచి అరిచింది.

"ఉంది, ఉంది."

"ఇంకోసారి కూడా అనండి. మూడైతేనే మీకు లెక్క."

ఊరు దాటాక వచ్చే కార్ఖానాల వెనక, ముళ్ళకంచె లోపల, ఆకాశం కేసి నోరు తెరుచుకుని నాలుగు పెద్ద తెల్ల డిష్‌లు ఉంటాయి. వాటి పక్కనే కిటికీలు లేని ఒంటి అంతస్తు కట్టడం. అతను అక్కడ సీనియర్ రేడియో ఇంజనీరు. నేల మీది మాటల్నీ బొమ్మల్నీ తరంగాలుగా మార్చి, ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పంపుతారు. అందులో ఏ తరంగం ఎంత బలంతో, ఏ అంచు దాటకుండా పోవాలో చూడడం అతని పని. ఉపగ్రహం ఒక్కటే, వాడుకునేవాళ్ళు వందమంది. అందుకని దాని జాగాని సన్నసన్న పట్టీలుగా కోసి తలా ఒకటి ఇస్తారు. ఒకరి పట్టీలోకి ఇంకొకరు కాస్త జరిగినా గొడవే.

స్టేషన్లో అతన్ని చాటుగా 'ముమ్మారు' అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. మూడుసార్లు చూడడం వల్లే ఈ ఉద్యోగంలో ఇంత పైకి వచ్చాడు. ఇంట్లో రోగమైనదే ఇక్కడ గుణమైంది. ఇరవై రెండేళ్ళలో అతని చేతి కింద ఒక్క తప్పు జరగలేదు. జరగని ప్రతి ఏడాదీ, జరగబోయే దాని బరువు కొంచెం పెరుగుతూ వచ్చింది.

కుర్చీలో కూర్చుని మెయిల్ తెరిచాడు. ఉపగ్రహాన్ని నడిపే కేంద్రం నుంచి వచ్చింది. సోమవారం నుంచి స్క్రీన్ మీద ఒక పట్టీలో సన్నటి పరాయి గీత, ఎవరిదో తెలీని సిగ్నల్, కనిపిస్తోంది. ఆ పట్టీ చేపలు పట్టే చిన్న పడవలది. తుఫాను కబురూ, ఆపదలో వేసే కేకా వాటికి ఆ దారినే. గీత వచ్చిన దగ్గర్నుంచి మాటలు తెగిపోతున్నాయి. లెక్కలు కట్టి చూస్తే అది ఈ తీరం నుంచే పైకి వస్తోంది. ఈ తీరం మీద ఉన్నవి నాలుగు స్టేషన్లు. నలుగురూ చూసుకుని, తమదో కాదో ఇవాళే చెప్పాలి.

మెయిల్ కింద అప్పుడే జవాబు కూడా ఉంది. 'మాది కాదు.' కింద మేనేజరు పేరు.

అతను లేచి మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు అతనికన్నా ఆరేళ్ళు చిన్న. అందుకని 'గురువుగారూ' అంటాడు, కొంత గౌరవంగానూ కొంత ఆటపట్టిస్తూనూ.

"మనది కాదని ఎవరు చూశారు?"

"చూసేదేముంది గురువుగారూ? రిజిస్టరు తెరిచాను. గురువారం, పదకొండూ ఇరవై, టెస్ట్ సిగ్నల్ ఆఫ్. మీ చేతిరాత. కింద మెకానిక్ బాబాయ్ సంతకం. మీరు ఆఫ్ అని రాశాక దేవుడొచ్చి ఆన్ అన్నా నేను నమ్మను." మేనేజరు కుర్చీ వెనక్కి వాల్చాడు. "అయినా ఇలాంటివి మీకు తెలీనివా? మెయిల్ రాగానే సగం గీతలు వాటంతటవే మాయమైపోతాయి. ఎవడో గబగబా వెళ్ళి మీట కట్టేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు."

"అవును," అన్నాడు అతను.

వెనక్కి వచ్చి మెయిల్‌లోని ఫ్రీక్వెన్సీ అంకెని, గురువారం తాము వాడిన టెస్ట్ సిగ్నల్ అంకెతో పోల్చి చూశాడు. పక్కపక్కనే ఉన్నాయి. కానీ ఒకటి కావు. నలభై కిలోహెర్ట్జ్ తేడా ఉంది.

తేడా ఉంటే తనది కాదు. స్టేషన్లో పెట్టెలన్నీ ఒక పెద్ద గడియారానికి కట్టుబడి నడుస్తాయి. అద్దాల బీరువాలో, ఎండా చలీ తగలకుండా కూర్చుని ఉంటుంది అది. దాని వెంట నడిచే సిగ్నల్ నలభై కాదు కదా, అందులో వెయ్యో వంతు కూడా జరగదు. కాబట్టి తనది కాదు. ఇంకోసారి చూశాడు. నలభై. తనది కాదు.

తృప్తి భుజం దాకా వచ్చి ఆగింది.

సరే, చేసినవి గుర్తు చేసుకుందామనుకున్నాడు. గురువారం జరిగింది ఏడాదికోసారి చేసే పరీక్ష. స్పేరు పెట్టె, అంటే సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్‌తో ఒక సన్నటి సిగ్నల్‌ని ఖాళీ పట్టీలో పైకి పంపుతారు. కేంద్రంలో ఉన్నామె దాన్ని కొలిచి బాగుందంటుంది. ఆ తర్వాత నాలుగు పనులు. ఒకటి, పవర్ బాగా తగ్గించి, స్పేరు దారిని డిష్ నుంచి తప్పించి డమ్మీ లోడ్ వైపు తిప్పాలి. డమ్మీ లోడ్ అంటే ఇటుకంత నల్లటి లోహపు దిమ్మ. అందులోకి వెళ్ళిన పవరంతా వేడిగా మారి అక్కడే చస్తుంది. రెండు, సిగ్నల్‌ని ఆపాలి. మూడు, పెట్టెని చేత్తో నడిపే లోకల్ నుంచి కంట్రోల్ రూము నడిపే రిమోట్‌కి మార్చాలి. పరీక్ష చేసేది డిష్ కింద ఉన్న ఇనప క్యాబిన్‌లో నిలబడి, చేత్తో. అందుకని లోకల్‌లో పెడతారు. అలా ఉన్నంతసేపూ ఆ పెట్టె కంట్రోల్ రూముకి తన సంగతి చెప్పదు, అక్కడి స్క్రీన్ మీద పాత కబురే ఉండిపోతుంది. నాలుగు, రిజిస్టరులో రాసి ఇద్దరు సంతకం పెట్టాలి.

ఇనప క్యాబిన్‌లో ఫోను పలకదు. ఆకాశంతో మాట్లాడే చోట పక్క వీధితో మాట్లాడలేకపోవడం అక్కడ పాత జోకు. అందుకే ఒకరి చెయ్యి లోపల, ఒకరి చెవి గుమ్మంలో. గుమ్మం దగ్గర స్టూలు మీద ఫోన్లు పెట్టుకుని కూర్చుని, అటు మాట ఇటూ ఇటు మాట అటూ అందించేది బాబాయ్. డిష్‌ల మెకానిక్ అతను. యాభై తొమ్మిదేళ్ళు. స్టేషనంతటికీ బాబాయే.

గురువారం అతను దారిని డమ్మీ లోడ్ వైపు తిప్పాడు. అది బాగా గుర్తుంది, ఎందుకంటే అప్పుడే బాబాయ్ గుమ్మంలోంచి అరిచాడు. "గీత పోయిందంటోంది సారూ! థ్యాంక్స్ చెప్పమంది!" ఆ వెంటనే ఇంకో ఫోను మోగింది. "సారూ, ఇంటి నుంచి!"

బయటికి వచ్చి ఫోను చెవికి పెట్టుకున్నాడు. "ఏమీ కాదట," అంది భార్య. ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. "మీరు మూడుసార్లు చదవాలని కాగితం దాచిపెడుతున్నా." అతను ఎండలో నిలబడ్డాడు. కంచె తీగ మీద ఒక తూనీగ వాలి, లేచి, మళ్ళీ అక్కడే వాలింది. బాబాయ్ స్టూలు ఖాళీ చేసి కూర్చోమన్నాడు. పది నిమిషాలు కూర్చున్నాడు. ఆ పది నిమిషాలూ అతనికి ఏ భయమూ వెయ్యలేదు. కడుపులో ఎప్పుడూ బిగిసి ఉండే పిడికిలి విప్పుకున్నట్టనిపించింది. లోపల అంత జాగా ఉందా అని ఆశ్చర్యపోయాడు కూడా.

ఆ తర్వాత లోపలికి వెళ్ళి సిగ్నల్ ఆపాడు.

ఆపాడా?

కళ్ళు మూసుకుంటే మీట కనిపిస్తోంది. దాని మీద తన వేలు కనిపిస్తోంది. కానీ అది నిరుటి వేలు కావచ్చు. అంతకు ముందు ఏడాదిది కావచ్చు. ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు ఆపాడో అన్నిసార్ల వేళ్ళూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గురువారానిదని చెప్పే గుర్తు కోసం వెతికాడు. తూనీగ గుర్తుంది, స్టూలు కాలు ఒకటి పొట్టిదన్నది గుర్తుంది, భార్య ముక్కు చీదిన చప్పుడు గుర్తుంది. మీట మాత్రం లేదు.

కంట్రోల్ రూములోకి వెళ్ళాడు. స్క్రీన్ మీద స్పేరు పెట్టె పక్కన ఆకుపచ్చగా 'ఆపి ఉంది' అని రాసి ఉంది. ఆ పెట్టె లోకల్‌లో ఉంటే పక్కనే పసుపు దీపం వెలగాలి. దీపం మీద నల్ల టేపు ముక్క అంటించి ఉంది. నిరుడు అది ఉత్తుత్తినే వెలుగుతూ ఉంటే, చూసినప్పుడల్లా గుండె జారిపోతోందని, తానే అంటించాడు.

టేపు పీకి చూడొచ్చు. కానీ పీకితే వెలుగుతూనే ఉంటుంది, ఏడాదిగా వెలుగుతున్నట్టే. దాన్నిబట్టి ఏమీ తేలదు. అలా అనుకుని, పీకనందుకు తనకి తాను ఒక సబబు చూపించుకుని బయటికి వచ్చాడు. క్యాబిన్ దాకా నడిస్తే ఐదు నిమిషాలు. గ్యాస్ మీట కోసం మెట్లెక్కి వెనక్కి వెళ్ళే మనిషి, ఈ ఐదు నిమిషాల నడకకి మధ్యాహ్నం దాకా ఏదో ఒక అడ్డం కల్పించుకుంటూనే ఉన్నాడు. ఏమీ ఉండదని తెలిసిన చోటే తాను మూడుసార్లు చూస్తాడని, ఏమైనా ఉండొచ్చనిపించిన చోట ఒక్కసారి కూడా చూడలేడని, అన్నం కలుపుతూ ఉండగా అతనికి తట్టింది. ముద్ద నోట్లో అలాగే ఉండిపోయింది.

రెండుంబావుకి కేంద్రం నుంచి ఫోను వచ్చింది. అక్కడున్నామె గొంతు పదకొండేళ్ళుగా తెలుసు. మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"సార్, మీ జవాబు వచ్చింది. మీది కాదని ముందే అనుకున్నాను లెండి. ఉత్తినే ఓ మాట అడుగుదామని."

"చెప్పండి మేడమ్."

"ఇంకో రెండు స్టేషన్లు ఒక్కొక్కటిగా పది సెకన్లు ఆపి చూపించాయి. గీత పోలేదు, వాళ్ళవి కావు. మీదేమో మీరు రాసిచ్చారు. ఇక మిగిలింది రేవు దగ్గర చిన్న స్టేషన్ ఒక్కటే. అక్కడ ఒక్కడే మనిషి. అడిగితే, 'డిష్ మీద పిట్ట రెట్ట తుడవడం తప్ప నాకేం తెలీదమ్మా, ఆపితే మళ్ళీ వెయ్యడం రాదు' అంటాడు. ఏం చెయ్యమంటారు?"

"ఏం చేస్తారు?"

"నాలుగింటికి వాళ్ళది ఇక్కణ్ణుంచి కట్టేస్తాను. మనిషిని పంపి తనిఖీ చేయించేదాకా, పదిరోజులు."

"ఆ స్టేషన్ని నమ్ముకునే కదా పడవలు..."

"తొంభై పడవలు సార్. ఎల్లుండి గాలులున్నాయని కూడా అంటున్నారు. కానీ పట్టీ మొత్తం పాడవుతుంటే చూస్తూ కూర్చోలేను కదా. ఈలోగా గీత దానంతట అదే పోయినా వదలను. పోయిందంటే ఆయనే భయపడి ఏదో తిప్పేశాడని అర్థం. ఇలాంటి దొంగ మీటలు చాలా చూశాను." నిట్టూర్చింది. "ఒకటే నాకు అర్థం కావడం లేదు. ఈ గీత నిలకడగా లేదు. పాకుతోంది. సోమవారం మొదటిసారి చూసినప్పుడు ఇప్పుడున్న చోటుకి పన్నెండు కిలోహెర్ట్జ్ కింద ఉంది. నిన్న ఆరు కింద. రోజుకి ఆరు చొప్పున ఒకే వైపుకి జరుగుతోంది. అంతకుముందు పక్కనున్న ఖాళీ పట్టీలో ఉండి ఉంటుంది. ఖాళీ పట్టీలోకి ఎవరు తొంగి చూస్తారు? అక్కణ్ణుంచి గట్టు దాటి పడవల్లోకి వచ్చింది."

అతను పెన్సిల్ తీసుకున్నాడు. రోజుకి ఆరు. గురువారం నుంచి ఈ బుధవారానికి ఆరు రోజులు. ముప్ఫై ఆరు. మొదటి రోజు ఇంకొంచెం ఎక్కువ జరుగుతుంది, కొత్త పెట్టె వేడెక్కేటప్పుడు జరిగినట్టు.

నలభై.

"సార్, ఉన్నారా?"

"ఉన్నాను."

"మీకేమనిపిస్తోంది?"

అతనికి అనిపించడం కాదు, తెలిసిపోయింది. ఆ స్పేరు పెట్టె పాతది. లోకల్‌లో పెడితే అది పెద్ద గడియారాన్ని వదిలేసి తన సొంత గడియారం మీద నడుస్తుంది, అమ్మ చెయ్యి విడిపించుకుని జనంలోకి నడిచిన పిల్లలా. ఓ పూటకైతే తేడా తెలీదు. ఆరు రోజులు వదిలేస్తే రోజుకింత చొప్పున పక్కకి పోతుంది. పొద్దున్నించి తనది కాదని చెప్పిన ఆ నలభయ్యే, ఇది తనదే అంటోంది.

"ఆలోచించి చెప్తాను మేడమ్," అన్నాడు. ఫోను పెట్టేశాక కూడా చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

రెండున్నర. మూడు. మూడూ పది. బల్ల మీద పెన్సిళ్ళని పొడుగునిబట్టి వరసగా పేర్చాడు. వెళ్ళి మేనేజరుకి చెబితే? మేనేజరు మంచివాడే. 'మీరు ఊరుకోండి గురువుగారూ, నేను చూసుకుంటాను' అంటాడు. చూసుకోవడమంటే ఏమిటో అతనికి తెలుసు. గీత పోతుంది, తన పేరు ఉంటుంది, రేవులో పిట్ట రెట్ట తుడిచే మనిషి స్క్రీన్ నల్లబడుతుంది. అదీ కాక, ఇంతా చేసి తన లెక్క తప్పేమో. తప్పయితే ఊరికే అల్లరవుతాడు. ఈ 'తప్పేమో' అన్న మాట మనసులోకి రాగానే కాళ్ళకి ఎక్కడలేని బలం వచ్చింది. లేచి, క్యాబిన్ తాళాలు తీసుకుని, బాబాయ్‌ని పిలిచాడు.

"ఇప్పుడా సారూ? టీ తాగుదామనుకుంటున్నా."

"తర్వాత తాగుదువుగాని. రా."

దారిలో చెప్పాడు. మూడు ముక్కల్లో చెప్పేశాడు. బాబాయ్ నడక నెమ్మదయింది.

"మీరు ఆపారు సారూ. మీరు ఆపకుండా ఎలా ఉంటారు?"

"నువ్వు చూశావా?"

బాబాయ్ ఆగి చెప్పులో రాయి దులుపుకున్నాడు. కొంత దూరం పోయాక, "నేను చూడను సారూ," అన్నాడు. "ఎవరి పనైనా నాలుగు కళ్ళతో చూసి పెడతా సంతకం. మీదైతే చూడను. మూడుసార్లు చూసినోడి పని నాలుగోసారి నేనేం చూస్తా అనుకుంటా. తొమ్మిదేళ్ళుగా అంతే."

క్యాబిన్ తలుపు తీయగానే ఫ్యాన్ల హోరు మొహానికి కొట్టింది. మూడు పెట్టెల ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి చప్పుడునిబట్టి ఏమీ తెలీదు. అతను స్పేరు పెట్టె కేసి చూడలేదు. ముందు దాని వెనక, గోడకి బిగించి ఉన్న నల్ల దిమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆపి ఉంటే అది గోడంత చల్లగా ఉండాలి.

చెయ్యి చాచి, దిమ్మకి బెత్తెడు దూరంలో ఆపాడు. పోయిన నెల డాక్టరు దగ్గర భార్య మెడ మీది గడ్డని తడిమి చూడమన్నప్పుడు కూడా ఇలాగే ఆపాడు. ఆమే అతని వేళ్ళు పట్టుకుని అక్కడ పెట్టుకుంది. 'కరవదులెండి,' అంది.

అరచెయ్యి ఆనించాడు.

అప్పుడే ఎవరో లేచి వెళ్ళిన కుర్చీలా వెచ్చగా ఉంది.

చిత్రంగా, పొద్దున్నించి మొదటిసారి చెయ్యి తెచ్చిన కబురు భుజం దగ్గర ఆగకుండా తల దాకా వచ్చింది. ఇది గురువారానిదే. ఇంకే ఏడాదిదీ కాదు. ఆరు రోజులుగా తాను తిని, పడుకుని, గ్యాస్ మీట పద్దెనిమిదిసార్లు తడిమి చూసుకుంటుంటే, ఇది ఇక్కడ ఒంటరిగా కాగుతూ ఉంది. దారి తిప్పే స్విచ్ పాతది. మూసిన తలుపు సందులోంచి వెలుగు కారినట్టు రవ్వంత డిష్ వైపు కారింది. పడవల గొంతు అసలే సన్నం. దాన్ని నొక్కడానికి ఆ రవ్వంత చాలు.

బాబాయ్ కూడా వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. పెట్టె మీది మీట కేసీ అతని కేసీ చూశాడు.

"నొక్కెయ్యండి సారూ," అన్నాడు చెవి దగ్గరికి వచ్చి. "పీడా పోతుంది. ఎవరు చూడొచ్చారు? నాకింక రిటైరవడానికి ఎనిమిది నెల్లే ఉంది."

అతని వేలు మీట దగ్గరే ఉంది. నొక్కడానికి ఎంతో బలం అక్కర్లేదు. నొక్కితే ఇక్కడ చల్లబడుతుంది. కేంద్రంలో గీత మాయమవుతుంది. ఆమె 'చూశారా, తిప్పేశాడు' అనుకుని రేవు స్టేషన్‌ని కట్టేస్తుంది. రిజిస్టరులో తన అక్షరాలు నిజమైనట్టే ఉంటాయి. రేపటి నుంచి గ్యాస్ మీట దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాలి? మూడు చాలదు. ఏ లెక్కా చాలదు.

గోడ గడియారం మూడూ నలభై రెండు చూపిస్తోంది.

"గుమ్మంలోకి వెళ్ళి కేంద్రానికి ఫోన్ చెయ్యి," అన్నాడు.

బాబాయ్ మీట కేసి ఇంకోసారి చూశాడు. తర్వాత వెళ్ళి స్టూలు పక్కన నిలబడి ఫోను చెవికి పెట్టుకున్నాడు. పెద్దగా ఏదో అన్నాడు. ఆపైన లోపలికి తల పెట్టి, "ఏంటి సంగతని అడుగుతోంది సారూ!" అని అరిచాడు.

"స్క్రీన్ చూస్తూ ఉండమను! ఆపబోతున్నాను!"

"ఏం ఆపుతున్నారంటోంది!"

అతను నోరు తెరిచాడు. మెల్లగా చెబుదామనుకున్న మాట అది. మేనేజరు గదిలో తలుపు వేసుకునో, ఓ కాగితం మీద రాసో చెప్పాల్సిన మాట. ఈ హోరులో మెల్లగా చెప్పే వీలే లేదు.

"మనదే అని చెప్పు!"

"ఆ?"

"గీత మనదే!"

బాబాయ్‌కి వినిపించిందని అతనికి తెలుసు. వినిపించినా అందించడానికి నోరు రాక, 'ఆ?' అంటూ అలాగే చూస్తున్నాడు.

"మనదే! నేనే వదిలేశాను! చెప్పు!"

బాబాయ్ వీపు తిప్పుకుని ఫోన్లో చెప్పాడు. ఆ తర్వాత చెయ్యెత్తి ఊపాడు.

అతను మీట నొక్కాడు.

"పోయిందంటోంది!" అని బాబాయ్ అరిచాడు. వెంటనే, "ఖాయం చేసుకోవాలట. ఒక్కసారి మళ్ళీ వేసి ఆపమంటోంది!"

ఇది అన్నిచోట్లా చేసేదే. తనైనా అలాగే అడిగేవాడు. కానీ ఆరు రోజులు మరుపున జరిగిన దాన్ని ఇప్పుడు తెలిసి, చేత్తో చెయ్యాలి. వేశాడు. "వచ్చింది!" ఆపాడు. "పోయింది!" ఆ రెండు కేకల మధ్య ఎక్కడో సముద్రం మీద ఎవడో చెవికి ఫోను పెట్టుకుని, ఒక గొరగొర వచ్చి పోవడం విని ఉంటాడు.

బయటికి వచ్చి ఫోను తీసుకున్నాడు. ఎండ కళ్ళలో పడింది.

"సార్," అంది ఆమె. పదకొండేళ్ళలో ఆ గొంతు అలా తడబడడం అతను వినలేదు. "మీరే... సరే. రేవు వాళ్ళకి ఇప్పుడే చెప్తాను, కట్టడం లేదని. మీ మీద ఉత్తరం వస్తుంది. సిగ్నల్ పంపే అనుమతి కొన్నాళ్ళు ఆపుతారు. మీకు తెలుసుగా."

"తెలుసు."

"కారణం ఏం రాయమంటారు? ఫారంలో పెట్టెలో లోపం అని ఒక గడి ఉంది. స్విచ్ ఎలాగూ పాతదే అంటున్నారుగా మీ మెకానిక్ గారు. అది కొడితే కొంచెం తేలికవుతుంది."

అతను కంచె కేసి చూశాడు. తీగ మీద ఇవాళ ఏమీ లేదు.

"ఆ రోజు నాకో మంచి కబురు వచ్చింది మేడమ్," అన్నాడు. "ఓ పది నిమిషాలు నాకు భయం వెయ్యలేదు."

అవతల కాగితం తిప్పిన చప్పుడయింది.

"దానికి గడి లేదు సార్," అంది మెల్లగా.

"అయితే మనిషి మర్చిపోయాడని కొట్టండి."

ఫోను బాబాయ్‌కి ఇచ్చి పొట్టికాలు స్టూలు మీద కూర్చున్నాడు. అది పక్కకి ఒరిగింది. మేనేజరుకి చెప్పాలి. సాయంత్రం భార్యకి చెప్పాలి. చెబితే ఆమె ముందు ప్లాస్టర్ మీద చెయ్యి వేసుకుంటుంది, నా ఫోను వల్లేనా అంటుంది. కాదంటాడు. ఆ పది నిమిషాలూ వెనక్కి ఇచ్చేస్తావా అని తనని తాను అడిగి చూసుకున్నాడు. జవాబు వెంటనే రాలేదు. రాకపోవడం చూసి అతనికే కొంచెం సిగ్గేసింది.

"పదండి సారూ, టీ అన్నా తాగుదాం," అన్నాడు బాబాయ్ తలుపు మూస్తూ. మూయబోయి ఆగి, లోపలికి తొంగి చూశాడు. "సారూ."

"ఏంటి?"

"లోకల్‌లోనే వదిలేశారు."

అతను చప్పున లేచాడు. కానీ అప్పటికే బాబాయ్ లోపలికి వెళ్ళి, టక్కుమని మార్చి బయటికి వచ్చాడు.

"మార్చేశా. రిమోట్."

"చూశావా?"

"చూశా సారూ. ఈసారి నిజంగానే చూశా." బాబాయ్ పక్కకి తప్పుకుని తలుపుకి దారిచ్చాడు. "మీరూ చూసుకుంటారా?"

అతను ఇనప పిడి మీద చెయ్యి వేశాడు. అరచేతిలో దిమ్మ వెచ్చదనం ఇంకా కొంచెం మిగిలే ఉంది. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కాళ్ళు లోపలికి లాగుతున్నాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కంటితో చూస్తే పోతుంది.

"నువ్వే ఇంకోసారి చూసిరా," అన్నాడు.

బాబాయ్ గొణుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. అతను బయట ఎండలో, పిడి వదలకుండా, నిలబడ్డాడు.